ఏడ్చిన జూనియరే ఏడిపించే సీనియర్ అయితే...

కౌన్సెలింగ్ అయిపోయింది, సీటు వచ్చింది. ఇక ఇంట్లో హడావుడి అంతా ఇంతా కాదు! పరుపు, దిండు, బకెట్టు, మగ్గు, దోమతెర, స్టీలు డబ్బాల నిండా సకినాలు, గరిజెలు, ఒక సీసాలో మామిడికాయ తొక్కు, ఇంకో సీసాలో కరివేపాకు పొడి... అన్నీ సర్ది, ఇంటిల్లిపాదీ కలిసి పిల్లవాణ్ణి హాస్టల్లో దింపుతారు. వార్డెన్ గారికి రెండు చేతులూ జోడించి, "మావాడు కాస్త మెతక మనిషండీ, మీ పిల్లాడనుకుని చూసుకోండి" అని చెప్పి, కళ్ళు తుడుచుకుంటూ బస్సెక్కుతారు. మరి బస్సెక్కేటప్పుడు మీ మనసులో ఉన్న భయం ఏమిటి? తిండి పడుతుందో లేదోనని కొంత. రెండోది, పైకి అనరుగానీ, ర్యాగింగ్.

హైదరాబాదుకు ఉత్తరాన నర్సాపూర్ రోడ్డు మీద దుండిగల్ వైపు వెళ్ళేవారికి ఈ దృశ్యం కొత్త కాదు. ఒకప్పుడు దుండిగల్ అంటే అందరికీ తెలిసింది ఎయిర్‌ఫోర్స్ అకాడమీ ఒక్కటే. 1967లో అప్పటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ గారు దానికి శంకుస్థాపన చేశారు. 1971లో శిక్షణ మొదలైంది. చుట్టుపక్కల పల్లెలు, చెలకలు, కూరగాయల మళ్ళు. ఆకాశంలో శిక్షణ విమానం చప్పుడు వినిపిస్తే పిల్లలు బయటికి పరుగెత్తేవారు. 2000 తర్వాత ఈ రోడ్డు ముఖమే మారిపోయింది. ఇంజనీరింగ్ కళాశాలలు వచ్చాయి. వాటి వెనకే గండిమైసమ్మ చౌరస్తా చుట్టూ, బహదూర్‌పల్లి, దుండిగల్, గాగిల్లాపూర్ దారిలో హాస్టళ్ళు, మెస్సులు, జిరాక్స్ షాపులు, టిఫిన్ బండ్లు వచ్చాయి. పొద్దున కళాశాల బస్సులు బారులు తీరతాయి. ఆ బస్సుల్లో జిల్లాలనుంచి వచ్చిన పిల్లలుంటారు, సిటీ పిల్లలుంటారు, ఆంధ్ర ప్రాంతం పిల్లలుంటారు, హిందీ తప్ప రాని పిల్లలూ ఉంటారు. పద్దెనిమిదేళ్ళ వయసులో, మొట్టమొదటిసారి అమ్మా నాన్నా కళ్ళెదుట లేకుండా, ఒకరికొకరు ముక్కూ ముఖం తెలియనివాళ్ళు ఇన్ని వందల మంది ఒకచోట చేరినప్పుడు ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్న లెక్క ఎలాగో ఒకలా తేలాలి కదా. ఆ లెక్క తేల్చుకునే పద్ధతుల్లో అన్నిటికన్నా అన్యాయమైనది ర్యాగింగ్. ఏ ఒక్క ఊరికో, ఏ ఒక్క కళాశాలకో అంటిన జాడ్యం కాదిది. హాస్టల్ గది ఉన్న ప్రతిచోటా తలుపు తట్టగలదు.

ఆటపట్టించడం వేరు, ఏడిపించడం వేరు

"ఆమాత్రం సరదా లేకపోతే కాలేజీ ఏముందండీ! మా రోజుల్లో మేము పడలేదా?" అనేవారు మనలో చాలామందే ఉన్నారు. మీ శ్రీవారే అని ఉండొచ్చు. కాబట్టి ముందు తేడా తెలుసుకుందాం. బావ మరదల్ని ఆటపట్టిస్తాడు, ఆమె తిరిగి ఒకటి అంటుంది, ఇద్దరూ నవ్వుతారు. ఏడిపించడంలో ఆ తిరిగి అనే హక్కు ఉండదు. నవ్వేది ఒక్క వైపే.

నార్వే దేశపు మానసిక శాస్త్రవేత్త డాన్ ఓల్వేయస్ 1970ల నుంచీ బడిపిల్లల మధ్య వేధింపుల మీద పరిశోధన చేశాడు. ఆయన చెప్పిన గుర్తులు ఇల్లు నడిపే మనకు సులువుగా అర్థమవుతాయి. బాధపెట్టాలనే చేయడం, ఒక్కసారితో ఆగక మళ్ళీ మళ్ళీ చేయడం, ఇద్దరి మధ్యా బలంలో తేడా ఉండడం. బలం అంటే కండబలమే కానక్కర్లేదు. ఒక ఏడాది ముందు చేరడమూ బలమే. పదిమంది స్నేహితులుండడమూ బలమే. ఇంగ్లీషు గడగడా మాట్లాడ్డం, బైకు ఉండడం, నాన్నకు పలుకుబడి ఉండడం... ఇవన్నీ బలాలే. 1982లో నార్వేలో ముగ్గురు బాలురు తోటిపిల్లల వేధింపులు భరించలేక ప్రాణాలు తీసుకున్నాక, మరుసటి ఏడాది ఆ దేశమంతటా బడుల్లో దీనిమీద ప్రచారం చేపట్టారు. మనమింకా "పిల్లలన్నాక కొట్టుకుంటారు" దగ్గరే ఉన్నాం.

మన దేశంలోనూ యూజీసీ 2016లో ర్యాగింగ్ నిర్వచనాన్ని విస్తరించింది. రంగు, కులం, మతం, రూపం, ప్రాంతం, భాష, పుట్టిన ఊరు, డబ్బున్నా లేకపోయినా... వీటిలో దేన్ని పట్టుకుని ఒక విద్యార్థిని మాటతోగానీ చేతతోగానీ హింసించినా, వెలివేసినట్లు పక్కనపెట్టినా అది ర్యాగింగే. "నీ యాసలో ఇంకోసారి మాట్లాడరా, అందరం నవ్వుకుంటాం" అని పదిమందిలో నిలబెట్టడం కూడా అందులోకే వస్తుంది. ఆ పదిమందిలో మీ పిల్లవాడు ఏ వైపు నిలబడ్డాడన్నది వేరే ప్రశ్న. దానికి తర్వాత వద్దాం.

డబ్బాలు ఎందుకు అంత త్వరగా ఖాళీ అవుతున్నాయి?

నాకు తెలిసిన ఒకావిడ కొడుకు హాస్టల్లో చేరిన కొత్తలో వారం వారం ఫోను చేసి, "అమ్మా, సకినాలు ఎక్కువ పంపు, ఈసారి రెండు డబ్బాలు పంపు" అనేవాడట. ఇంట్లో ఉండగా పట్టుమని నాలుగు తినని పిల్లవాడు! ఆవిడ మురిసిపోయి, పక్కింటివారిని కూడా సాయం పిలిచి వండి పంపింది. దసరా సెలవులకు వచ్చినవాణ్ణి చూస్తే చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. సంగతేమిటంటే, డబ్బా వచ్చిందని తెలియగానే పై గదివాళ్ళు కబురు పెట్టేవారట. వీడు డబ్బా పట్టుకెళ్ళి, మూత తీసి, వాళ్ళు తినేదాకా చేతులు కట్టుకుని నిలబడి, ఖాళీ డబ్బా కడిగి తెచ్చుకునేవాడు. సకినాలు ఇస్తే ఆ రాత్రి నిద్రపోనిచ్చేవారు. రెండు డబ్బాలు అందుకే!

కొట్టడం, తిట్టడం ఎవరికైనా కనిపిస్తుంది. తల్లికి కనపడాల్సినవి ఇలాంటి చిన్న చిన్న లెక్కలు. సీనియర్ల రికార్డులు జూనియర్లు రాసిపెట్టడం చాలాచోట్ల ఆనవాయితీ. మీ అమ్మాయి అర్ధరాత్రి రెండింటిదాకా రాస్తున్నానని చెప్పి, మార్కులు మాత్రం తగ్గుతుంటే, ఆ రాస్తున్నది ఎవరి రికార్డు అని అడిగారా? కళాశాల బస్సులో వెనక సీట్లు సీనియర్లవి, జూనియర్లు ముందు నిలబడాలి. కనపడ్డ ప్రతి సీనియర్‌కూ నమస్కారం పెట్టాలి. తల ఎత్తకుండా ఎదుటివాడి చొక్కా మూడో గుండీ చూస్తూ మాట్లాడాలి. మొదటి నెలల్లో చేతులు మడవకూడదు. అమ్మాయిలైతే నూనె రాసి రెండు జడలు వేసుకోవాలి. ఇవి వింటే నవ్వొస్తుంది. "రెండు జడలేగా, వేసుకుంటే పోయేదేముంది" అనిపిస్తుంది. జడతో ఏమీ పోదు. "చెప్పినట్టు వింటుంది" అన్న సంగతి అవతలివారికి తెలియడంతోనే పోతుంది. మొదటి వారం రెండు జడలు, రెండో వారం బట్టలుతకడం, మూడో వారం డబ్బు... మెట్లు ఒకటొకటిగానే ఎక్కుతారు.

ఇప్పుడు ఇంకో మెట్టు చేరింది. ఫోను. కొత్తగా చేరిన పిల్లల్ని సీనియర్లు వాట్సాప్ గ్రూపులో చేర్చి అక్కడ్నించి ఆజ్ఞలివ్వడం, హేళన చేయడం మామూలైపోయింది. మనకాలంలో సెలవులకు ఇంటికొస్తే పీడ విరగడయ్యేది. ఇప్పుడు మీ ఇంట్లో, మీ పక్క మంచం మీద, దుప్పటి కప్పుకుని ఉన్నప్పుడు కూడా ఆ సీనియర్ వాడి చేతిలోనే ఉన్నాడు. ఇలాంటి గ్రూపుల్లో వేధించడం కూడా ర్యాగింగ్ కిందకే వస్తుందని యూజీసీ 2025లో కళాశాలలను హెచ్చరించింది.

నిన్నటి కోడలే నేటి అత్త

ఎందుకు చేస్తారు వీళ్ళు? వీళ్ళేమీ రాక్షసులు కారు. సంక్రాంతికి ఇంటికొస్తే చెల్లెలికి ముగ్గులో రంగులు నింపిపెట్టే పిల్లలే. అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది చెప్పే జవాబు ఒకటే: "మేమూ పడ్డాం కదా!"

ఈ జవాబు మనకెక్కడో విన్నట్లు లేదూ? కోడలిగా వచ్చిన కొత్తలో అత్తగారి చేత నానా మాటలూ పడి, పెరట్లో కూర్చుని ఏడ్చిన మనిషే, తన కొడుక్కు పెళ్ళయ్యాక, "నేను పడలేదా? నువ్వేమైనా పై నుంచి దిగొచ్చావా?" అంటుంది. ఆమె చెడ్డదని కాదు. తను పడ్డ కష్టానికి ఖరీదు ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలి. ఎవరిమీద పడిందో వాళ్ళనుంచి రాబట్టుకునే శక్తి లేదు. తనకన్నా వెనక వచ్చినవారే దొరుకుతారు. హాస్టల్ కారిడార్లో జరిగేది అచ్చం ఇదే. అత్తాకోడళ్ళకైతే పాతికేళ్ళు పడుతుంది. ఇక్కడ ఒక్క ఏడాదిలో కోడలు అత్త అయిపోతుంది. అంతే తేడా.

దీనికి తోడు ఇంటి విషయాలూ ఉన్నాయి. ఇవి చదివితే కొందరికి కోపం రావచ్చు. నాన్న చేయెత్తితే తప్ప మాట వినని ఇంట్లో పెరిగిన పిల్లవాడు, చేయెత్తితే మాట వింటారని నేర్చుకుంటాడు. అంట్లు తోమే అమ్మాయి మాట తీరును మనం వెక్కిరిస్తే, అన్నం తింటున్న పిల్లలు నవ్వుతారు. ఆ నవ్వులోనే ఒక పాఠం అయిపోయింది. "ఫలానా వాళ్ళబ్బాయికి అంత ర్యాంకు వచ్చింది, నువ్వెందుకూ పనికిరావు" అని రెండేళ్ళు ఇంటర్ చదువుతున్నంత కాలం విన్నవాడికి, ఒకళ్ళనైనా "నువ్వెందుకూ పనికిరావు" అనే అవకాశం రాగానే ఎంత తీపిగా ఉంటుందో ఊహించండి. పొద్దున ఐదింటినుంచి రాత్రి పదింటిదాకా పుస్తకాల ముందు కట్టేసి పెంచిన ఇంటర్ పిల్లలకు తోటివాళ్ళతో స్నేహం చేయడం, పోట్లాడి మళ్ళీ కలిసిపోవడం నేర్చుకునే తీరికే ఇవ్వలేదు మనం. ఇంజనీరింగ్‌లో అడుగుపెట్టగానే ఆ కట్టు ఒక్కసారిగా తెగుతుంది. నా మట్టుకు నాకు సినిమాలకన్నా ఈ కారణమే పెద్దదనిపిస్తుంది. సినిమాల్లో ర్యాగింగ్‌ను హాస్యంగా చూపడం తప్పు కాదని అనడం లేదు సుమా!

చూసి ఊరుకునే వాళ్ళ పాత్రా తక్కువేమీ కాదు. కెనడాలో బడి ఆటస్థలాల్లో జరిగే వేధింపులను కెమెరాలతో చిత్రించి పరిశీలించారు. 2001లో వచ్చిన ఆ అధ్యయనంలో తేలిందేమిటంటే, తోటిపిల్లల్లో ఎవరో ఒకరు అడ్డుపడ్డప్పుడు సగానికి పైగా సందర్భాల్లో పది సెకన్లలోపే అది ఆగిపోయింది. పది సెకన్లంటే పోపులో ఆవాలు చిటపటలాడేంత సేపు! "మనకెందుకమ్మా గొడవ, నీ పని నువ్వు చూసుకో" అని మనం పిల్లలకు చెప్పే బుద్ధులు ఆ పది సెకన్లను మింగేస్తున్నాయి.

ఆడపిల్లల హాస్టలైతే భయం లేదా?

"మాది ఆడపిల్ల, హాస్టల్లో అందరూ ఆడపిల్లలే, మాకేం భయం లేదు" అనుకునే తల్లులు 2009 మార్చిలో బాపట్ల వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల హాస్టల్లో జరిగింది గుర్తుచేసుకోవాలి. అక్కడ సీనియర్ అమ్మాయిలు చేసిన ఘోరమైన అవమానం భరించలేక ఒక విద్యార్థిని ఆత్మహత్యకు ప్రయత్నించింది. అదృష్టవశాత్తూ బతికింది. సరిగ్గా అదే నెలలో హిమాచల్ ప్రదేశ్‌లోని టాండా వైద్య కళాశాలలో తాగి ఉన్న సీనియర్లు కొట్టిన దెబ్బలకు మొదటి సంవత్సరం విద్యార్థి చనిపోయాడు. ఈ రెండు సంఘటనల మీదా సుప్రీంకోర్టు స్పందించింది. టాండాలో కొడుకును పోగొట్టుకున్న తండ్రి ఇంట్లో కూర్చోలేదు. కొడుకు పేరుతోనే ఒక ఉద్యమం నడిపాడు. ఇవాళ దేశమంతా పనిచేస్తున్న ర్యాగింగ్ వ్యతిరేక ఫోను నంబరు వెనక ఆయన పోరాటం ఉంది.

మన తెలుగునేలమీద ఆ తర్వాతా ఆగలేదు. 2015 జులైలో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం హాస్టల్లో ఆర్కిటెక్చర్ విద్యార్థిని ప్రాణం తీసుకుంది. సీనియర్ల వేధింపులే కారణమని కేసు నడిచింది. తొమ్మిదేళ్ళ తర్వాత, 2024 నవంబరులో గుంటూరు కోర్టు నేరం రుజువు కాలేదని ఆ కేసు కొట్టేసింది. 2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ వైద్య కళాశాలలో పీజీ మొదటి సంవత్సరం చదువుతున్న డాక్టరమ్మాయి చనిపోయింది. సీనియర్ వాట్సాప్ గ్రూపులో ఆమెను అవమానించే సందేశాలు పెట్టాడని అప్పట్లో పోలీసులు చెప్పారు. డాక్టరు చదివిన పిల్ల! ధైర్యం, చదువు ఉన్నంత మాత్రాన ఇది అంటదని అనుకోవడానికి లేదు.

ప్రాణం మీదికి రాకపోయినా నష్టం నష్టమే. నిద్ర పట్టదు, అన్నం సయించదు. ఆదివారం సాయంత్రమయ్యేసరికి కడుపునొప్పి మొదలవుతుంది, హాస్టల్‌కి వెళ్ళే రోజున జ్వరం వస్తుంది. డాక్టరు చూసి ఏమీ లేదంటాడు. ఫోనులో గలగలా మాట్లాడే పిల్ల "ఊ", "ఆ" అని పెట్టేస్తుంది, లేదా ఫోను మోగితేనే ఉలిక్కిపడుతుంది. డబ్బు అడగడం ఎక్కువవుతుంది. వస్తువులు "పోయాయి" అంటారు. ఉన్నట్టుండి "నాకీ కోర్సు ఇష్టం లేదు, మానేస్తా" అంటారు. ఫీజు కట్టిన మంటలో మనం ఆ మాట మీదే విరుచుకుపడతాం. దాని వెనక ఏముందో అడగం. ఇవన్నీ ఉన్నంతమాత్రాన ర్యాగింగే అనుకోనక్కర్లేదు, ఇంటిమీద బెంగ కూడా కావచ్చు. అయితే బెంగ రెండు మూడు వారాల్లో పలచబడుతుంది, ఇది ముదురుతుంది.

అమ్మతో ఎందుకు చెప్పరు?

చెప్తే మీరేం చేస్తారో వాళ్ళకు తెలుసు కాబట్టి! మీరు నాన్నగారితో చెప్తారు. ఆయన మరుసటి రోజే ప్రిన్సిపాల్ గదిలో బల్ల గుద్దుతారు. ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చేస్తారు, పిల్లవాడు మాత్రం అదే హాస్టల్లో, అదే పై గదివాళ్ళ మధ్య పడుకోవాలి. లేదా "సర్దుకుపోవాలి నాన్నా" అంటారు. లేదా "మగాడివేనా, తిరిగి ఒకటి ఇచ్చుకోలేవూ?" అంటారు. ఈ మూడింటిలో ఏది విన్నా పిల్లవాడు రెండోసారి నోరు విప్పడు.

అందుకని "ఎవరైనా ఏడిపిస్తున్నారా?" అని ఎదురెదురుగా అడగకండి. "లేదు" అనేస్తారు. పప్పు రుబ్బుతూనో, చిక్కుడుకాయలు ఒలుస్తూనో, కళ్ళలోకి చూడకుండా, "మీ హాస్టల్లో టీవీ రిమోట్ ఎవరి చేతిలో ఉంటుంది? స్నానాలకు ముందు ఎవరు వెళ్తారు? మీ పై గదిలో ఎవరుంటారు?" అని అడిగి చూడండి. హాస్టల్లో ఎవరి రాజ్యం నడుస్తోందో పది నిమిషాల్లో అర్థమైపోతుంది. చెప్పడం మొదలుపెట్టాక మధ్యలో "అయ్యో" అనకండి, ఏడవకండి, తిట్టకండి. చివరిదాకా విని, "చెప్పి మంచిపని చేశావు. ఏం చేద్దామో ఇద్దరం కలిసి అనుకుందాం. నీకు తెలియకుండా నేనేం చేయను" అనండి. పిల్ల బొత్తిగా కుంగిపోయి ఉంటే, చచ్చిపోవాలన్న మాట ఒక్కసారైనా నోట వస్తే మాత్రం ఒక్కర్తినీ వదలకండి, హాస్టల్‌కి పంపకండి. 2022 అక్టోబరులో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలిమానస్ నంబరు 14416. రాత్రయినా పగలైనా ఖర్చు లేకుండా మాట్లాడవచ్చు.

ఇంకో ముఖ్యమైన పని, రాసిపెట్టుకోవడం. పచారీ సరుకులకు పద్దు రాసినట్టే, ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎవరు, ఎక్కడ, ఏమన్నారు, పక్కన ఎవరున్నారు అన్నది నోటుబుక్కులో రాయించండి. ఫోనులో సందేశాలు చెరిపేయనివ్వకండి. కోపంలో పిల్లలు మొదట చేసే పని అదే. దెబ్బ తగిలితే డాక్టరుకు చూపించి చీటీ దాచండి. ఏళ్ళ తర్వాత కోర్టులో నిలబడేది కన్నీళ్ళు కాదు, ఆ కాగితాలే.

చట్టం మీ చేతిలోనే ఉంది

మన రాష్ట్రంలో ర్యాగింగ్‌ను నిషేధిస్తూ 1997లోనే చట్టం వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన ఆ చట్టం తెలంగాణలోనూ అమలులో ఉంది. దాని ప్రకారం తోటి విద్యార్థిని గేలిచేసినా, అవమానించినా ఆరు నెలలదాకా జైలు, లేదా వెయ్యి రూపాయలదాకా జరిమానా, లేదా రెండూ. చేయి చేసుకున్నా, బెదిరించినా ఏడాది. నిర్బంధించినా, గాయపరిచినా రెండేళ్ళు. తీవ్రంగా గాయపరిచినా, అత్యాచారం చేసినా ఐదేళ్ళు. చావుకు కారణమైనా, ఆత్మహత్యకు పురికొల్పినా యావజ్జీవం, లేదా పదేళ్ళదాకా. ఫిర్యాదు వచ్చినా కళాశాలవారు పట్టించుకోకపోతే వాళ్ళూ నేరానికి తోడ్పడినట్లే లెక్క. హాస్టళ్ళు, ట్యుటోరియళ్ళు కూడా ఈ చట్టం పరిధిలోకి వస్తాయి.

దీనికి తోడు యూజీసీ 2009లో నిబంధనలు తెచ్చింది. కళాశాలలో చేరేటప్పుడు, తర్వాత ఏటా, విద్యార్థి ఒకటి, తల్లిగానీ తండ్రిగానీ ఒకటి ప్రమాణపత్రం ఇవ్వాలి. మనం మిగతా కాగితాలతోపాటు చూడకుండా సంతకం పెట్టేస్తాం! "మావాడు ర్యాగింగ్ చేస్తే శిక్షకు సిద్ధం" అని మనం రాసిచ్చే కాగితమది. కొత్తగా చేరినవారికి వీలైనంతవరకూ వేరే హాస్టల్ భవనం ఇవ్వాలి. వీలుకాకపోతే సీనియర్లు అటువైపు రాకుండా వార్డెన్ కాపలా ఉండాలి. ఫిర్యాదు అందిన ఇరవైనాలుగు గంటల్లో సంస్థ అధిపతి పోలీసులకు తెలపాలి. చేసిందెవరో తేలకపోతే అందరికీ కలిపి శిక్ష వేయవచ్చు. ర్యాగింగ్ వ్యతిరేక ఫోను నంబరు 1800-180-5522. ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బు పడదు. తన పేరు బయటికి చెప్పడం ఇష్టంలేనివారూ ఫోను చేయొచ్చు. తక్షణం అపాయమైతే 100, లేదా 112. ఈ నంబర్లు పెళ్ళి శుభలేఖల్లా బీరువాలో దాచకండి. వంటింట్లో గ్యాస్ బుక్కు పక్కన అంటించండి.

దుండిగల్ చుట్టుపక్కల ఉన్న పాఠకురాళ్ళకు ఒక మాట. మీలో చాలామంది పై వాటాలో నాలుగు గదులు వేసి విద్యార్థులకు అద్దెకిచ్చి ఉంటారు, కొందరు మెస్సు నడుపుతుంటారు. కళాశాల హాస్టల్‌కి వార్డెనుంటాడు, స్క్వాడుంటుంది, కెమెరాలుంటాయి. అందుకే వేధింపులు రోడ్డు దాటి మీ పై వాటాకు వస్తాయి. ఇలాంటి ప్రైవేటు హాస్టళ్ళు స్థానిక పోలీసుల దగ్గర నమోదు కావాలనీ, ర్యాగింగ్ జరిగితే తెలియజేయాలనీ ఆ నిబంధనల్లోనే ఉంది. పోలీసుల సంగతి అటుంచండి. అన్నం వడ్డించేటప్పుడు ఏ పిల్లవాడు అందరూ తిన్నాక వస్తున్నాడో, ఎవరి కంచం ఎవరు కడుగుతున్నారో మీకు కనిపిస్తుంది. వాడి తల్లి ఎక్కడో ఖమ్మంలోనో, నల్గొండలోనో ఉంది. ఆమెకు కనిపించదు.

రెండో సంవత్సరం తల్లి

ఇప్పటిదాకా చదివినవారంతా "మా పిల్లవాణ్ణి ఎవరైనా ఏడిపిస్తే ఏం చేయాలి" అనే ఆలోచించి ఉంటారు. "మా పిల్లవాడే ఏడిపిస్తుంటే" అని ఎంతమంది అనుకున్నారు? మొదటి సంవత్సరం గడిచి, పిల్లవాడు ఒళ్ళు చేసి, నలుగురు స్నేహితులతో నవ్వుతూ వేసవి సెలవులకు ఇంటికొస్తాడు. "అమ్మయ్య, గట్టెక్కాడు" అని మనం ఊపిరి పీల్చుకుంటాం. అప్పుడే అసలు మలుపు. ఇంకో రెండు నెలల్లో వాడు సీనియర్. వాడి కింద కొత్తవాళ్ళు వస్తున్నారు, సకినాల డబ్బాలతో!

యూజీసీ నిబంధనలు రాసినవారికి ఈ సంగతి తెలిసినట్లుంది. మొదటి సంవత్సరం పూర్తిచేస్తున్న విద్యార్థుల తల్లిదండ్రులకు సంస్థ అధిపతి ఒక ఉత్తరం రాయాలని అందులో ఉంది. వచ్చే ఏడాది తిరిగి వచ్చేటప్పుడు మీ పిల్లలు ర్యాగింగ్ చేయకుండా చెప్పి పంపండి, చేస్తే ఇవీ శిక్షలు అని. నియమాలన్నిటిలో నాకు నచ్చింది ఇదొక్కటే. మీకెప్పుడైనా అలాంటి ఉత్తరం వచ్చిందా? రాకపోతే ఈసారి కళాశాలకు ఫోను చేసి అడగండి.

ఉత్తరం వచ్చినా రాకపోయినా, ఆ సెలవుల్లో ఒకరోజు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి. ఉపన్యాసం వద్దు. "మొదటి నెలలో నిన్ను బాగా ఏడిపించింది ఎవరు?" అని అడగండి. ఇప్పుడైతే నవ్వుతూ చెప్తాడు. కథలు కథలుగా చెప్తాడు. చెప్పనివ్వండి. నవ్వడం ఆగాక, "ఆ రోజు రాత్రి నీకెలా అనిపించింది?" అని అడగండి. కొంచెంసేపు మాట్లాడడు. ఆ తర్వాత, "అప్పుడు నీ తరఫున ఎవరైనా ఒక మాట అన్నారా?" అనండి. చాలా హాస్టళ్ళలో ఎవరో ఒకరు ఉంటారు, "వదిలేయండ్రా, పాపం నిద్రపోనివ్వండి" అన్న ఒక సీనియర్. ఆ పేరు చెప్పేటప్పుడు వాడి ముఖం చూడండి.

ఆ తర్వాత, తిరిగి హాస్టల్‌కి వెళ్ళే రోజున, డబ్బాల్లో సకినాలు కొంచెం ఎక్కువే పోసి, "ఇందులో సగం కింద గదిలో కొత్తగా చేరే పిల్లలకు" అని చెప్పి ఇవ్వండి. వాడే తీసుకెళ్ళి ఇవ్వాలి, వాళ్ళను పైకి పిలిపించుకోకూడదు. దీపావళికి ఇంటికొచ్చినప్పుడు, ఆ పిల్లల పేర్లేమిటో, ఏ ఊరివాళ్ళో అడగండి.